లిబర్టీ స్టేట్ పార్కులోని పాత రైల్వే టెర్మినల్: రైలు నది ఒడ్డునే ఎందుకు ఆగింది?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు ఇటీవలే జెర్సీ సిటీకి వచ్చారు. స్టాట్యూ ఆఫ్ లిబర్టీ చూడటానికి కుటుంబంతో లిబర్టీ స్టేట్ పార్కుకు వెళ్లినప్పుడు, ఫెర్రీ టికెట్లు కొన్న ఆ పెద్ద భవనం ఒకప్పటి రైల్వే స్టేషనని తెలిసింది. కళ్ల ఎదుట మాన్‌హాటన్ కనబడుతూ ఉండగా అక్కడిదాకా పట్టాలు వేయకుండా రైలును నది ఇవతలే ఎందుకు ఆపారు, అంత పెద్ద స్టేషను ఎందుకు మూతపడింది, భవనం చక్కగా ఉన్నా వెనుక ఉన్న షెడ్డు మాత్రం ఎందుకు శిథిలమైపోయింది అని మీరు అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అది నది దగ్గర ఆగిపోయిన స్టేషను కాదు, నది కోసమే కట్టిన స్టేషను. 19వ శతాబ్దంలో హడ్సన్ నదిని రైలుతో దాటే మార్గం లేదు. అందువల్ల న్యూజెర్సీ వైపు నుంచి వచ్చే రైల్వే కంపెనీలన్నీ తమ పట్టాలను నీటి అంచుదాకా తెచ్చి, అక్కడి నుంచి ప్రయాణికులను తమ సొంత ఫెర్రీల మీద మాన్‌హాటన్‌కు చేర్చేవి. సొరంగాలు, వంతెనలు వచ్చాక ఫెర్రీ అవసరం తగ్గుతూ వచ్చింది. 1967 ఏప్రిల్‌లో మిగిలిన రైళ్లను నెవార్క్‌కు మళ్లించడంతో టెర్మినల్ మూతపడింది. షెడ్డు శిథిలం కావడానికి కారణాలు వేరు, వాటిని చివర వివరిస్తాను.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరును. న్యూజెర్సీలో పాత ఉక్కు, కాంక్రీటు కట్టడాలను పరిశీలించడంలోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. ఈ టెర్మినల్‌ను చూపించడానికి మన తెలుగు కుటుంబాలను, విద్యార్థులను చాలాసార్లు తీసుకువెళ్లాను. అందుకే కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

ఈ టెర్మినల్ సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ అనే కంపెనీది. ఆ కంపెనీ 1849లో ఏర్పడింది. ఎలిజబెత్ పట్టణం నుంచి సోమర్‌విల్, ఈస్టన్ వైపు వెళ్లే రెండు చిన్న రైలుమార్గాలు కలిసి ఒకటయ్యాయి. తొలి రోజుల్లో దాని రైళ్లు ఎలిజబెత్‌పోర్ట్ రేవు దగ్గర ఆగేవి. అక్కడి నుంచి ప్రయాణికులు స్టీమర్ ఎక్కి, కిల్ వాన్ కల్ జలమార్గం గుండా హార్బరులోకి వచ్చి, న్యూయార్క్ చేరేవారు. నీటి మీద ప్రయాణం ఎంత పొడవైతే కంపెనీకి అంత నష్టం, ఎందుకంటే పొగమంచు కమ్మినా, చలికాలంలో మంచుగడ్డలు తేలుతూ వచ్చినా మొదట ఆలస్యమయ్యేది స్టీమరే. అందువల్ల ఆ కంపెనీ నెవార్క్ బే మీద వంతెన కట్టి, 1864లో పట్టాలను జెర్సీ సిటీలోని కమ్యునిపా తీరానికి తెచ్చింది. దాంతో నీటి ప్రయాణం హడ్సన్ వెడల్పు మేరకే మిగిలింది. అక్కడ నది వెడల్పు సుమారు ఒక మైలు. ఇప్పుడు మీరు నడిచే పార్కు నేలలో చాలా భాగం ఆ రోజుల్లో నేలే కాదు. అవన్నీ ఆటుపోట్లకు మునిగి తేలే బురద మేటలు. న్యూయార్క్ నగరపు చెత్తతోనూ, ఓడలు బరువు కోసం మోసుకొచ్చి ఇక్కడ దించిపోయిన రాళ్లూ మట్టితోనూ వాటిని పూడ్చి యార్డులు వేశారు.

ఇక్కడ మీ మొదటి సందేహానికి అసలు జవాబు ఉంది. ఒక మైలు నదికి వంతెన కట్టలేకపోయారా? మాది కొవ్వూరు. గోదావరి మీద 1900లో హేవ్‌లాక్ వంతెన తెరిచేదాకా మా ఒడ్డున రైలు దిగినవారు పడవ మీద రాజమండ్రి చేరి, అక్కడ మళ్లీ రైలెక్కేవారు. వంతెన రాగానే ఆ అవసరం తీరిపోయింది. మరి గోదావరిలో కొన్నేళ్లకే తీరిన ఇబ్బంది హడ్సన్‌లో శతాబ్దం పాటు ఎందుకు సాగింది? గోదావరిలో అడుగడుగునా స్తంభాలు వేసుకుంటూ పోవచ్చు. హడ్సన్ ముఖద్వారం మాత్రం ప్రపంచంలోనే అతి రద్దీగా ఉండే ఓడరేవు, ఎత్తయిన తెరచాప కొయ్యల ఓడలు రాత్రింబగళ్లు తిరిగే దారి. నది నడుమ స్తంభాలు వేయనివ్వరు. ఓడలకు అడ్డం కాని ఎత్తులో ఒకే అంగలో దాటే వంతెనకు అయ్యే ఖర్చును ఏ ఒక్క కంపెనీ భరించలేదు. గుస్తావ్ లిండెంతాల్ అనే ప్రసిద్ధ ఇంజనీరు 1880ల నుంచి అలాంటి వంతెనను ప్రతిపాదిస్తూనే వచ్చారు, కానీ ఒకరితో ఒకరు పోటీపడే రైల్వే కంపెనీలు కలిసి డబ్బు పెట్టడం జరగలేదు.

సొరంగం సంగతి ఇంకా కష్టం. నది అడుగున ఉన్నది రాయి కాదు, మెత్తటి ఒండ్రు. డీవిట్ క్లింటన్ హాస్కిన్ అనే ఆయన 1874లో సొరంగం పని మొదలుపెట్టారు. లోపల గాలిని ఒత్తిడితో నింపి, ఆ ఒత్తిడితోనే నీటిని ఆపే పద్ధతి అది. 1880 జూలైలో ఒకచోట గాలి బయటికి తన్నుకుపోయి, నీరు లోపలికి దూసుకొచ్చి, 20 మంది కార్మికులు చనిపోయారు. ఒకవేళ సొరంగం పూర్తయినా, బొగ్గు ఇంజన్లను అంత పొడవైన సొరంగంలో నడిపితే పొగతో లోపలివారికి ఊపిరాడదు. విద్యుత్ రైలు వచ్చేదాకా హడ్సన్ కింద ప్రయాణికుల రైలు అనే మాటే సాధ్యం కాదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగిలిన చరిత్ర అంతా సులభంగా అర్థమవుతుంది.

ఈ పరిస్థితి ఒక్క ఈ కంపెనీకే కాదు. నది ఇవతలి ఒడ్డున దక్షిణం నుంచి ఉత్తరానికి చూస్తే ఐదు పెద్ద టెర్మినళ్లు ఉండేవి: కమ్యునిపాలో మనం మాట్లాడుకుంటున్నది, ఎక్స్‌ఛేంజ్ ప్లేస్‌లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌ది, పవోనియాలో ఈరీ రైల్‌రోడ్‌ది, హోబోకెన్‌లో లాకవానా రైల్‌రోడ్ వారిది, వీహాకెన్‌లో వెస్ట్ షోర్ మార్గానిది. వీటిలో ఇప్పటికీ రైళ్లు వచ్చే పాత టెర్మినల్ భవనం హోబోకెన్ ఒక్కటే. హోబోకెన్ టెర్మినల్‌నూ పార్కులోని ఈ టెర్మినల్‌నూ చాలామంది ఒకటిగా పొరబడతారు. రాగి రేకులతో పచ్చగా కనిపించే 1907 నాటి భవనం హోబోకెన్‌ది. పార్కులో ఉన్నది 1889లో బోస్టన్‌కు చెందిన పీబాడీ అండ్ స్టెర్న్స్ వాస్తుశిల్పులు కట్టినది.

భవనాన్ని చూసేటప్పుడు ఒక చిన్న సంగతి గమనించండి. మామూలుగా స్టేషను ముఖద్వారం ఊరివైపు, వీధివైపు ఉంటుంది. ఇక్కడ గడియారం, నిటారైన వాలుకప్పు, పైన గుమ్మటం, అన్నీ నదికి ఎదురుగా నిలబడి ఉంటాయి. ఎందుకంటే ఈ స్టేషనుకు ఊరు మాన్‌హాటన్. వీధి ఏమో హడ్సన్ నది. ముందు ఫెర్రీ స్లిప్పులు (పడవ వచ్చి ఆగే ఇరుకు రేవులు), నడుమ వెయిటింగ్ హాలు, వెనుక ప్లాట్‌ఫారాలు: ఈ వరుసలోనే దాని ప్రయోజనమంతా ఉంది. మాన్‌హాటన్‌లోని లిబర్టీ స్ట్రీట్ రేవులో ఫెర్రీ ఎక్కినవాడు ఇవతల దిగి, హాలు దాటి, గేటు దగ్గర టికెట్ చూపించి, రైలు పెట్టెలోకి అడుగుపెట్టేదాకా వీధిలోకి రానవసరం లేదు.

ఫెర్రీలు పనిచేసే తీరు నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది. అవి రెండు చివరలా ముక్కున్న పడవలు. వెనక్కి తిప్పే పనిలేకుండా వచ్చిన దారినే తిరిగి వెళతాయి. స్లిప్పుకు రెండు పక్కలా లోతుగా దిగేసిన కొయ్యదుంగల వరుసలు గరాటులా లోపలికి ఇరుకవుతూ ఉంటాయి. పడవ వాటికి తగిలినప్పుడు దుంగలు కొద్దిగా వంగి, ఆ ఊపును తమలోకి తీసుకుని, పడవను సరిగ్గా రేవు మధ్యకు నెడతాయి. ఇక్కడ నది నిజానికి సముద్రపు ఆటుపోట్లకు లోబడినదే, రోజుకు రెండుసార్లు నీరు నాలుగైదు అడుగులు పెరిగి తగ్గుతుంది. అందుకని ఒడ్డు వైపు కీలు ఉండి, నది వైపు కొస పైకీ కిందికీ కదిలే ర్యాంపు ఏర్పాటు చేశారు. దాని బరువును ప్రతిబరువులు మోస్తాయి కనుక తక్కువ శ్రమతో ర్యాంపును పడవ అంచుకు సమానంగా సర్దవచ్చు. కింది డెక్కులో గుర్రపు బండ్లూ, తరువాతి కాలంలో లారీలూ ఎక్కేవి.

ఈ టెర్మినల్ బాగా నడిచిన రోజుల గురించి తరచుగా చెప్పే లెక్క ఏమంటే, 20వ శతాబ్దపు తొలినాళ్లలో రోజుకు 300 రైళ్లు, 128 ఫెర్రీ ప్రయాణాలు, 30 వేల నుంచి 50 వేల మంది ప్రయాణికులు. సెంట్రల్ కంపెనీ రైళ్లతో పాటు రీడింగ్ అనే మరో కంపెనీ రైళ్లు, బాల్టిమోర్ అండ్ ఒహాయో రైళ్లు కూడా ఇక్కడి నుంచే నడిచేవి. వాషింగ్టన్ వెళ్లే రాయల్ బ్లూ, 1929 నుంచి 1941 దాకా అట్లాంటిక్ సిటీకి నడిచిన బ్లూ కామెట్ ఇక్కడివే. బ్లూ కామెట్‌లో ప్రతి పెట్టెకూ ఒక తోకచుక్క పేరు పెట్టారు. మామూలు కోచ్ టికెట్ ధరకే విలాసమైన ప్రయాణం దాని ప్రత్యేకత.

వలస వచ్చినవారి కథ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. వలసదారులను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం 1892 నుంచి 1954 వరకు పనిచేసింది, ఆ కాలంలో కోటీ 20 లక్షల మందికి పైగా అక్కడి నుంచి దేశంలోకి వచ్చారు. వారిలో న్యూయార్క్‌లో ఉండిపోనివారు ద్వీపంలోనే రైలు టికెట్లు కొనుక్కుని, పడవల మీద న్యూజెర్సీ ఒడ్డుకు చేరి, పెన్సిల్వేనియా బొగ్గు గనులకూ, మధ్య పశ్చిమ రాష్ట్రాలకూ రైలెక్కారు. ద్వీపానికి అతి దగ్గరగా ఉన్న ఈ టెర్మినల్ నుంచి లక్షలాది మంది వెళ్లారన్నది నిజం. కానీ అందరూ ఇక్కడి నుంచే వెళ్లారనడం సరికాదు. ఎవరి టికెట్ ఏ కంపెనీదైతే వారిని ఆ కంపెనీ టెర్మినల్‌కు చేర్చేవారు. హోబోకెన్, పవోనియా, ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ కూడా ఆ కథలో భాగమే. నేను తీసుకువెళ్లిన ఒక బృందంలో ఒక వృద్ధురాలు తన నాయనమ్మ ఈ హాలులోనే మూటల మీద కూర్చుని రైలు కోసం ఎదురుచూసిందని చెప్పారు. ఆ నాయనమ్మ దిగిన ఊరు పెన్సిల్వేనియాలో ఈ కంపెనీ మార్గం మీదే ఉంది, కనుక ఆమె చెప్పింది నిజమే అయి ఉంటుంది. మీకు అలాంటి కుటుంబ కథలు వినబడితే చివరికి చేరిన ఊరేదో, అక్కడికి ఏ కంపెనీ రైలు వెళ్లేదో అడగండి, టెర్మినల్ ఏదో తేలిపోతుంది.

ఇక మూతపడటం గురించి. దీన్ని 1967లో హఠాత్తుగా జరిగినదిగా చూడకూడదు. తొలి దెబ్బ 1908, 1909 సంవత్సరాల్లోనే పడింది. హాస్కిన్ మొదలుపెట్టిన సొరంగాన్ని విద్యుత్ రైలు కోసం పూర్తిచేసి హడ్సన్ అండ్ మాన్‌హాటన్ రైలు నడిపారు, ఇప్పుడు మీరు రోజూ ఎక్కే పాత్ (PATH) రైలు అదే. అది హోబోకెన్, పవోనియా, ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ టెర్మినళ్లను తాకుతూ వెళ్లింది కానీ కమ్యునిపాకు రాలేదు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ 1910లో తన సొంత సొరంగాలతో నేరుగా మాన్‌హాటన్‌లోని పెన్ స్టేషన్‌కు చేరింది. అంటే దగ్గరి పొరుగువారికి నది కింద దారి దొరికింది, ఈ టెర్మినల్ మాత్రం పూర్తిగా ఫెర్రీ మీదే ఆధారపడి మిగిలింది. నా అభిప్రాయంలో దాని తలరాత ఆనాడే తేలిపోయింది. అయినా కంపెనీ వెనక్కి తగ్గలేదు. 1914 నాటికి ఫెర్రీ హౌస్‌ను కొత్తగా కట్టి, 20 పట్టాలను కప్పే భారీ షెడ్డు వేసింది. బొగ్గు రవాణా లాభాలు ఉన్న రోజులవి.

బాల్టిమోర్ అండ్ ఒహాయో కంపెనీ చేసిన ప్రయత్నం ఇంకా విశేషం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వ ఆజ్ఞ వల్ల దాని రైళ్లు పెన్ స్టేషన్‌కు వెళ్లాయి, కానీ 1926లో ఆ సౌకర్యం పోయి మళ్లీ ఇక్కడికి రావలసి వచ్చింది. నది దాటడంలోని శ్రమను ప్రయాణికుడికి తెలియనీయకుండా చేయాలని ఆ కంపెనీ బస్సులను నేరుగా రైలు పక్కకు తెచ్చింది. రైలు దిగి అడుగు దూరంలో బస్సెక్కితే, ఆ బస్సే ఫెర్రీ ఎక్కి నది దాటి, మాన్‌హాటన్‌లో హోటళ్ల దగ్గర దించేది. ఇరుకు చోటులో బస్సును వెనక్కి తిప్పడానికి తిరుగుడు బల్ల కూడా అమర్చారు. ఆ సేవ 1958 ఏప్రిల్‌లో ముగిసింది.

1927లో హాలండ్ టన్నెల్, 1931లో జార్జ్ వాషింగ్టన్ వంతెన, 1937లో లింకన్ టన్నెల్ వచ్చాయి. బస్సు ఎక్కినచోటు నుంచి మాన్‌హాటన్‌లో దిగేదాకా మారే పనిలేనప్పుడు రైలు దిగి ఫెర్రీ ఎక్కేవారు తగ్గడం సహజం. ఇళ్లను వెచ్చబరచడానికి బొగ్గు పోయి నూనె, గ్యాస్ రావడంతో ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు రవాణా ఆదాయమూ ఎండిపోయింది. ఫెర్రీ మాత్రం నిండినా నిండకపోయినా అదే ఆవిరి, అదే సిబ్బంది. 1958 సెప్టెంబరు 15న నెవార్క్ బే వంతెన ఎత్తి ఉండగా జెర్సీ సిటీ వైపు వస్తున్న రైలు సిగ్నళ్లను దాటి నీటిలో పడింది, 48 మంది చనిపోయారు. టెర్మినల్ మూతకు అది కారణం కాదు, అయితే ఆ మార్గంలో రోజూ ప్రయాణించిన కుటుంబాల జ్ఞాపకాల్లో అది ఇప్పటికీ మానని గాయం.

1967 మార్చిలో కంపెనీ దివాలా తీసింది. ఏప్రిల్ 30న ఆల్డీన్ ప్లాన్ అమలులోకి వచ్చింది. రోసెల్ పార్క్ దగ్గరి ఆల్డీన్ వద్ద రైళ్లను లీహై వ్యాలీ అనే మరో రైల్వే కంపెనీ పట్టాల మీదికి మళ్లించి నెవార్క్ పెన్ స్టేషన్‌కు చేర్చడం, అక్కడి నుంచి మాన్‌హాటన్‌కు పాత్ రైలులో వెళ్లడం ఆ ప్రణాళిక సారాంశం. దాంతో టెర్మినల్, ఫెర్రీ రెండూ ఒకేసారి ఆగిపోయాయి.

మన వాళ్లకు దీనితో నేరుగా సంబంధం ఉంది. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవారు, సోమర్‌విల్, క్రాన్‌ఫర్డ్ వైపు నివసించేవారు ఎక్కే రారిటన్ వ్యాలీ లైన్ ఈ పాత కంపెనీ ప్రధాన మార్గమే. ఆ లైను మీది చాలా రైళ్లు నెవార్క్‌లోనే ఆగిపోతాయనీ, అక్కడ దిగి మరో రైలు ఎక్కాలనీ మనవారు విసుక్కుంటూ ఉంటారు. అప్పట్లో రైలు దిగి ఫెర్రీ ఎక్కేవారు, 1967 నుంచి రైలు దిగి మరో రైలు ఎక్కుతున్నారు. హడ్సన్ కింద ఈ మార్గానికి సొంత దారి ఎన్నడూ లేకపోవడమే రెండింటికీ మూలం.

మూతపడిన తరువాత భవనం బతకడం అదృష్టమే. 1975లో దాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. చుట్టూ ఉన్న యార్డులను పార్కుగా మార్చి 1976 జూన్ 14న లిబర్టీ స్టేట్ పార్కును తెరిచారు. 2012 శాండీ తుపానులో ఉప్పునీరు భవనంలోకి చొచ్చుకొచ్చి మళ్లీ కొన్నేళ్లు మూసి ఉంచవలసి వచ్చింది.

షెడ్డు ఎందుకు అలా మిగిలింది? అది ఏ. లింకన్ బుష్ అనే ఇంజనీరు రూపొందించిన పద్ధతి. పాత స్టేషన్లలో మాదిరి ఆకాశమంత ఎత్తున ఒకే కమాను కప్పు వేస్తే, పొగ అంతా లోపలే తిరిగి ఇనుమును తినేసేది, మరమ్మతు ఖర్చు తడిసి మోపెడయ్యేది. బుష్ తక్కువ ఎత్తులో, చిన్న చిన్న భాగాలుగా కప్పు వేసి, ప్రతి పట్టా మీదా ఇంజన్ పొగగొట్టానికి సరిగ్గా పైన ఒక పొడవాటి చీలిక వదిలారు. పొగ నేరుగా బయటికి పోతుంది, పక్కనున్న అద్దాల గుండా వెలుతురు వస్తుంది. రైళ్లు నడిచి, ఎప్పటికప్పుడు మరమ్మతులు జరిగినంతకాలం అది అద్భుతంగా పనిచేసింది. కానీ అన్ని చీలికలు, అన్ని కాలువలు ఉన్న కప్పును వదిలేస్తే వాననీరు చేరని చోటే ఉండదు. దానికి తోడు ఉప్పుగాలి. కాంక్రీటులోకి ఉప్పు దిగితే లోపలి ఉక్కు తుప్పుపడుతుంది. తుప్పు అసలు ఉక్కు కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటును లోపలి నుంచే పగలగొట్టి పెచ్చులుగా రాలుస్తుంది. ఇదే రకమైన మరొక కట్టడంలో, పైకి గట్టిగా కనిపించిన దూలాన్ని సుత్తితో తట్టగా డొల్ల శబ్దం వచ్చి, అరచేయంత పెచ్చు నా కాళ్ల దగ్గర పడటం నాకు బాగా గుర్తుంది. ఇటుక, రాయితో కట్టిన హాలును బాగుచేయడం వేరు, ఎకరాల కొద్దీ పరుచుకున్న ఇలాంటి కప్పును బాగుచేయడం వేరు. డబ్బు ముందుగా జనం వాడుకునే హాలుకు వెళ్లింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను, కానీ మిగిలి ఉన్న బుష్ షెడ్లు చాలా అరుదు కనుక ఇంకా నిలిచి ఉన్న వరుసలనైనా కూలిపోకుండా ఆపడం అవసరమని గట్టిగా నమ్ముతాను. కంచె దాటి లోపలికి మాత్రం వెళ్లకండి. పైనుంచి పెచ్చు ఎప్పుడు ఊడుతుందో అనుభవం ఉన్నవారు కూడా చెప్పలేరు.

ఈసారి పిల్లలతో వెళ్లినప్పుడు టికెట్ల వరుసలోకి నేరుగా వెళ్లకుండా, ముందుగా భవనం వెనక్కి నడిచి, కంచె ఇవతలి నుంచి షెడ్డులోని పట్టాల వరుసలను చూడండి. కప్పు మీది పొగ చీలికలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి, ఇప్పుడు వాటి గుండా చెట్లు పైకి లేచాయి. ఆ తరువాత హాలు గుండా నది వైపు బయటికి రండి. వెనుక పట్టాల నుంచి ముందున్న నీటిదాకా మీరు నడిచిన ఆ కొద్ది దూరమే 1967కు ముందు రోజూ వేలమంది గబగబా నడిచిన దారి.